తోక కార్డు

మా ఇంట్లో తల మా ఆవిడ, తోక నేను. ఏడుపుగొట్టుతనంతో అంటున్న మాట కాదిది, సర్కారువారే అచ్చేసి ఇచ్చారు. ఆమె కార్డు మీద 'నర్సు' అని ఉండేది. నా కార్డు మీద ఆమె పేరూ, ఆ పేరు కింద 'భర్త' అన్న మాటా ఉండేవి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళు ఆమె ఈ దేశంలో ఉండొచ్చు. ఆమె భర్తగా ఉన్నన్నాళ్ళు నేనుండొచ్చు. పెళ్ళాల వెంట వచ్చిన మాలాంటి మొగుళ్ళ కార్డుకి 'తోక కార్డు' అని పేరు పెట్టినవాడు సెలూన్ నడిపే నా స్నేహితుడు. అతన్ని అందరూ కత్తెర అనే పిలుస్తారు. అతని భార్య బడిలో పంతులమ్మ.

"ఇల్లరికం అంటే ఒక్క ఇంటికే బావా, మనది దేశమరికం" అనేవాడు, నా మెడ మీద వెంట్రుకలు దులుపుతూ.

ఆ జోకుకి ఆరేళ్ళు నవ్వాను. ఆ ఏడు చలికాలం మొదలయ్యాక నవ్వడం మానేశాను.

ఒక సాయంత్రం మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, కోటైనా విప్పకుండా వంటింట్లో స్టూలు మీద కూర్చుంది. నేను గిన్నెలు కడుగుతున్నాను.

"కాస్త ఆ కుళాయి కట్టెయ్యి" అంది. కట్టేశాను. "మనం విడిపోదాం."

గిన్నె చేతిలోనే ఉంది. దాన్ని తుడిచి, అలమారలో బోర్లించాను.

"వినపడిందా?"

"వినపడింది."

"ఏమంటావు?"

"నీ ఇష్టం."

"చూశావా, ఇదే. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఏది అడిగినా నీ ఇష్టం, నీ ఇష్టం. పిల్ల బడి నీ ఇష్టం, ఇల్లు మారడం నీ ఇష్టం, నువ్వు పనిలో చేరడం కూడా నా ఇష్టమేనా? అన్ని ఇష్టాలూ నేనొక్కదాన్నే మొయ్యలేను."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. మా మధ్య మూడో మనిషి లేడు, తాగుడు లేదు, చెయ్యి చేసుకోవడం లేదు. రాకముందు నేను వెల్డర్ని. ఇక్కడి పరీక్ష ప్యాసైతే గాని ఇక్కడ ఆ పని చెయ్యనివ్వరు. పాప పుట్టింది, ఇంట్లో ఎవరో ఒకరుండాలి, నేనుండిపోయాను. పరీక్ష సంగతి తర్వాత చూద్దాం అనుకుంటూ ఉండగానే పాపకి పాలపళ్ళు ఊడే వయసొచ్చింది.

నాకు కోపం రాలేదు, అలక వచ్చింది. ఈ రెంటికీ తేడా మనవాళ్ళకి చెప్పనక్కర్లేదు. కోపం వచ్చినవాడు తలుపు ధడాలున వేసి పోతాడు. అలిగినవాడు సంచీ సర్దుకుని, ఎవరైనా వచ్చి చెయ్యి పట్టుకుంటారేమోనని, ఎదురుగా ఉన్న చెప్పుల కోసమే గుమ్మం దగ్గర చాలాసేపు వెతుక్కుంటాడు. పెళ్ళైన కొత్తలో ఇలాగే ఒకసారి అలిగితే మా మామగారు బస్సులు మారి వచ్చి, బతిమాలి, నా సంచీ తనే మోసుకుంటూ వెనక్కి తీసుకెళ్ళారు. ఆ రుచి మరిగిన ప్రాణం నాది. ఆయన పోయి చాలా కాలమైందన్న సంగతి నా అలకకి గుర్తులేదు.

ఇంట్లో అత్తయ్యగారు ఉన్నారు. ఆ చలికాలమంతా కూతురికి సాయంగా ఉందామని వచ్చారు. ఆవిడది పాత పద్ధతి. అల్లుడి ఎదుట కూర్చోరు, అల్లుడితో నేరుగా మాట్లాడరు. ఏం చెప్పాలన్నా మా అమ్మాయి చిట్టి మీదుగా రావాల్సిందే. "చిట్టీ, మీ నాన్నని అన్నానికి లేవమను" అంటారు. నేను అక్కడే, ఆవిడకి మూరెడు దూరంలో ఉంటాను. చిట్టి బొమ్మ పక్కన పెట్టి, నావైపు తిరిగి, "నాన్నా, అన్నానికి లేవాలంట" అనేదాకా నేను లేవను. నేను లేచేదాకా ఆవిడ వడ్డించరు. చిట్టికి ఈ కబురు మోసే ఉద్యోగమంటే మహా గర్వం.

నేను సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ రోజు కూడా తలుపు చాటు నుంచి ఆవిడ గొంతు వినిపించింది. "చిట్టీ, మీ నాన్నని మఫ్లర్ తీసుకెళ్ళమను, బయట చలిగా ఉంది."

వెళ్ళొద్దని మాత్రం అనలేదు.

కత్తెర సెలూన్ పైన గది ఒకటి ఖాళీగా ఉంటే అందులో చేరాను. గదినిండా కింద నుంచి వచ్చే షాంపూ వాసన, హెయిర్ డ్రయ్యర్ల రొద. మెట్ల మీద అడుగుల చప్పుడైతే చాలు, దువ్వెనతో తల సరిచేసుకుని కూర్చునేవాణ్ణి. వచ్చేది కత్తెరే, కాకపోతే అద్దె వసూలు చేసే ముసలాయన. వారం తిరిగింది, ఎవరూ రాలేదు. అలక ముదిరి పంతమైంది. రేపు ఎవరూ నన్ను భార్య సొమ్ము తింటున్నాడని అనకూడదని, నేరుగా నగర కార్యాలయానికి పోయి, నా చిరునామా మార్పించుకున్నాను. విడాకుల కాగితాలొస్తే చదవకుండా సంతకం పెట్టి పంపేశాను. అలిగినవాడు కాగితాలు చదువుతూ కూర్చుంటే అలక పరువేం కాను?

నెల తిరక్కుండానే వలస ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. భార్యతో కలిసి ఉండటం లేదని తెలిసింది కనక, ఇంకా ఈ దేశంలో ఎలా ఉంటున్నారో తెలపమని అడిగారు. ఆ ఉత్తరం పట్టుకుని లాయరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ ఇక్కడి మనిషి. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, ఎదుటివాడు చెప్పింది పూర్తిగా వినేదాకా పెన్ను ముట్టుకోని మనిషి.

"ఇల్లెందుకు వదిలారు? ఆవిడ వెళ్ళిపొమ్మన్నారా?"

"లేదండి."

"కొట్లాడుకున్నారా?"

"లేదండి. అలిగాను."

ఆ మాటని ఆవిడ భాషలోకి తేవడానికి నానా తిప్పలూ పడ్డాను. మావైపు అల్లుడు అలగడమనేది ఒక మర్యాద అనీ, వెళ్ళేది వెళ్ళడానికి కాదనీ, వచ్చి పిలుస్తారని వెళతామనీ చెప్పాను.

"అంటే, వెనక్కి పిలిపించుకోవడానికి బయటికి వెళ్ళారు."

"అంతేనండి."

"పిలిచారా?"

"లేదండి."

ఆవిడ నవ్వలేదు. పెన్ను తీసింది. "మీ వైపు సంగతి నాకు తెలీదు గానీ, ఇక్కడ మీరు పెట్టిన సంతకాలకి అర్థం, మీ అంతట మీరే వెళ్ళిపోయారని. సరే, అయిందేదో అయింది. వాళ్ళకి ఉన్నది ఉన్నట్టు జవాబు రాద్దాం. తీర్పు వచ్చేదాకా మీరు భర్తే. తీర్పు వచ్చిన రోజున మీ కార్డు చెల్లదు. సర్దుకోవడానికి కాస్త గడువిస్తారు, ఆపైన వెళ్ళిపోవాలి."

"మా పాప?"

"పాప తల్లి కార్డు మీద ఉంది. తల్లితో ఇక్కడే ఉంటుంది. పాపని చూసే హక్కు మీకు కోర్టు ఇస్తుంది. చూడటానికి ఈ దేశంలో ఉండే హక్కు మాత్రం కోర్టు ఇవ్వదు."

ఆ మాటతో నా అలక మొత్తం దిగిపోయింది. అంతవరకూ నాకు తోచినదల్లా భార్యాభర్తల సంగతే. చిట్టి ఒక దేశంలో, నేను ఒక దేశంలో అన్న ఊహే రాలేదు.

"వేరే దారి లేదా అమ్మా?"

"ఉంది. మీకేం పని వచ్చు?"

ఆరేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న అది. "వెల్డింగ్" అన్నాను, గొంతు సవరించుకుని.

"మంచిది. వెల్డర్లు ఇక్కడ దొరకడం లేదు. ఇక్కడి పరీక్ష ప్యాసవ్వండి, ఉద్యోగం ఇచ్చేవాడి చేత రాయించుకు రండి. మీ పేరు మీదే కార్డుకి దరఖాస్తు పెడదాం. పెట్టాక అది తేలేదాకా ఉండనిస్తారు. కానీ అది తీర్పు కన్నా ముందు లోపలికి పోవాలి. తీర్పు తర్వాత పెడితే ముట్టుకోరు."

కత్తెర నా సంగతంతా విని, కస్టమర్ గడ్డానికి నురగ రాస్తూనే సలహా ఇచ్చాడు. "ఇంత కష్టమెందుకు బావా! ఇంటికెళ్ళిపో. రాజీ పడ్డామని రాసిచ్చెయ్యండి. ఏడాది రెండేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, లోపల ఎవరి మంచం వాళ్ళది. ఎవడొచ్చి చూస్తాడు?"

నిజం చెప్పొద్దూ, ఆ ఊహ నాకు తియ్యగానే ఉంది. ఆ ఆదివారం మధ్యాహ్నం మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అలవాటుకొద్దీ దువ్వెన అందుకున్నాను. ముందు చిట్టి, వెనకాల ఆయాసపడుతూ అత్తయ్యగారు.

ఆవిడ గదంతా ఒకసారి కలియజూశారు. "చిట్టీ, కింద సెలూన్లో పెద్దపెద్ద అద్దాలున్నాయి, చూసి రాపో" అన్నారు. చిట్టి దిగిపోయింది. కబురు మోసే మనిషి వెళ్ళిపోయింది కదా, ఇక ఈవిడ ఎలా మాట్లాడతారా అని నేను చూస్తుండగానే, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. ఎదురుగా. పెళ్ళిచూపుల నాటి నుంచి ఆవిడ కళ్ళు ఏ రంగువో నాకు తెలీదు, ఆ రోజు తెలిసింది.

"అల్లుడుగారూ, మీరు అలిగి వచ్చారు. బతిమాలడానికి మీ మామగారు లేరు. నేను బతిమాలను."

నేను లేచి నిలబడ్డాను.

"కూర్చోండి. నా కూతురు చెడ్డది కాదు, మీరూ చెడ్డవారు కాదు. రెండు మంచి ఎడ్లే, ఒక కాడికి ఒదగలేదు. దానికి నేనేడ్చేది నేనేడ్చాను, అయిపోయింది. ఇప్పుడు వచ్చింది దాని తరఫునా కాదు, మీ తరఫునా కాదు. చిట్టి తరఫున వచ్చాను. అది గుమ్మంలో మీ చెప్పులుండే చోట ఎవరినీ చెప్పులు పెట్టనివ్వడం లేదు. నా చెప్పులు కూడా తీసి అవతల పడేసింది. ఆ చోటు ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

"ఉంచండి అత్తయ్యగారూ."

"అయితే అబద్ధపు కాపురానికి మాత్రం రాకండి. మీ మిత్రుడి సలహా మాదాకా వచ్చింది. నా కూతురు అబద్ధం రాయదు, రాస్తానన్నా నేను రాయనివ్వను. అబద్ధం బయటపడితే దాని ఉద్యోగం కూడా పోదూ? మీ చేతుల్లో పనుందనే కదా మా ఆయన పిల్లనిచ్చారు. ఆ పనేదో చూడండి."

అంత పొడుగు మాట ఆవిడ నాతో మాట్లాడటం అదే మొదలు. లేచి, కొంగు సర్దుకుని, మెట్ల దగ్గర నుంచి చిట్టిని కేక వేశారు. చిట్టి వచ్చేసరికి ఆవిడ మళ్ళీ గోడవైపు తిరిగి నిలబడ్డారు. "చిట్టీ, మీ నాన్నకి వెళ్ళొస్తామని చెప్పు."

మర్నాడే ఊరి చివర ఇనుప పనుల షెడ్డుకి వెళ్ళాను. గేట్లు, మెట్లు, నీళ్ళ ట్యాంకులు చేసే చోటు. యజమాని బానపొట్ట మనిషి, అందరూ పెద్దాయన అంటారు. చేతులు చూపించమన్నాడు. గిన్నెలు కడిగి మెత్తబడ్డ నా అరచేతులు చూశాడు. రెండు ముక్కలిచ్చి అతకమన్నాడు. హోల్డర్లో వెల్డింగ్ రాడ్డు బిగించి ముక్కల మీద ఆనించాను. రాడ్డు ఇనుముకి అంటుకుపోయింది. విదిలించి మళ్ళీ మొదలుపెట్టాను. అతుకు చూసి, "కోడి కెలికినట్టుంది" అన్నాడాయన. "అయినా కెలికే కోడికే గింజ దొరుకుతుంది. షెడ్డు ఊడ్చి, గ్రైండింగ్ పని చేసిపెట్టు. పనికిరాని ముక్కల మీద ఎంతసేపైనా నేర్చుకో. పరీక్ష ప్యాసైన రోజు ఉద్యోగం రాసిస్తాను."

పొద్దున్నే వెళ్ళి ఊడ్చేవాణ్ణి. మిగిలిన పొద్దంతా అతుకులే అతుకులు. ముఖానికి షీల్డ్ దించుకుంటే లోకంలో ఆ వెలిగే చుక్క ఒక్కటే కనిపించేది. మెడ మీద నిప్పురవ్వలు పడి బొబ్బలెక్కాయి. ఆదివారం చిట్టిని పార్కుకి తీసుకెళితే, ఆ బొబ్బలు వేలితో తాకి, "నాన్నా, నిన్ను కుట్టిందెవరు?" అని అడిగేది. వాళ్ళమ్మ దాని చేత మందు పంపించింది. డబ్బా మీద ఎప్పుడెప్పుడు రాయాలో ఆమె దస్తూరీలో ఉంది. ఆమె ఆస్పత్రిలో ఏ రోగికైనా అంతే శ్రద్ధగా రాస్తుందని నాకు తెలుసు. అయినా ఆ డబ్బాని చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాను.

చలి ముదిరిన రోజుల్లో మొదటి పరీక్షకి కూర్చున్నాను. పలకలు అతికాక వాటిని పట్టీలుగా కోసి, ప్రెస్సులో పెట్టి వంచుతారు. అతుకు లోపల ఖాళీ ఉంటే వంచినప్పుడు అక్కడ పగులుతుంది. పైకి నా అతుకు అద్దంలా ఉంది. పరీక్షకుడు కూడా మెచ్చుకున్నాడు. ప్రెస్సు దిగింది. మొదటి పట్టీ వంగింది. రెండోది టప్పుమని పగిలింది.

ఆ పట్టీ షెడ్డుకి తెస్తే పెద్దాయన అందుకుని, బయట వెలుగులో తిప్పి చూశాడు. "ఎక్కడ పగిలిందో చూడు. రాడ్డు అయిపోయి నువ్వు ఆపిన చోట. ఆపిన చోటు అరగదియ్యాలి, కాస్త వెనక నుంచి మళ్ళీ అందుకోవాలి. నువ్వు తొందరకొద్దీ ఆపిన చోటి మీదే కొత్తది పోశావు. పైన నున్నగా వచ్చింది, లోపల బోలు."

"మళ్ళీ పరీక్ష ఎప్పుడు?"

"చలి తగ్గాక."

కోర్టు వాయిదా అంతకన్నా ముందే ఉంది. లాయరమ్మకి ఫోన్ చేస్తే, "మీరు గడువడిగితే కావాలని సాగదీస్తున్నారంటారు. కేసు వేసింది ఆవిడ. ఆవిడ అడిగితే జడ్జి ఇస్తారు" అంది.

అంటే ఆమె దగ్గరికి నేనే వెళ్ళాలి. ఎవరో వచ్చి పిలుస్తారని చలికాలమంతా చెవులు రిక్కించి కూర్చున్నవాణ్ణి, పిలవకుండా వెళ్ళాలి. గుండె రాయి చేసుకుని వెళ్ళాను.

ఆస్పత్రి ఎదుట బస్‌స్టాపులో నిలబడి ఉంది, డ్యూటీ దిగి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. చేతిసంచీ బెంచీ మీది నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుని చోటిచ్చింది.

"పరీక్ష పోయిందట కదా."

"పోయింది. మళ్ళీ రాస్తాను. అందుకే వచ్చాను."

"కలిసి ఉంటున్నామని రాయమంటే రాయను. ముందే చెబుతున్నా."

"అది అడగడానికి రాలేదు."

"మనసు మారిందని చెప్పమంటే..."

"అదీ కాదు. విడిపోదాం అన్నావు, విడిపోదాం. కాకపోతే నా పరీక్షయ్యి, దరఖాస్తు లోపలికి పోయేదాకా తీర్పు రాకూడదు. నువ్వు వాయిదా అడగాలి. చిట్టి ఉన్న ఊళ్ళో నేనుండాలి. నీ ఇష్టం అనడం లేదు. ఇది నా ఇష్టం."

ఆమె నావైపు తిరిగి చూసింది. కళ్ళ కింద నల్లటి వలయాలు, జుట్టు మీద టోపీ ఒత్తిన గీత. బస్సు వచ్చింది.

"ఈసారి పోతే?" అంది లేస్తూ.

"పోదు."

"ఈ గొంతు నీకుందని నాకు తెలీదు సుమా" అని బస్సెక్కింది. అడిగిన దానికి జవాబు మాత్రం చెప్పలేదు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, షెడ్డుకి వెళ్ళి మళ్ళీ హోల్డర్ పట్టుకున్నాను.

కొన్నాళ్ళకి లాయరమ్మ ఫోన్ చేసింది. "మీ ఆవిడ వాయిదా అడిగారు, ఇచ్చారు. కారణం ఏం రాశారో తెలుసా? పాప తండ్రికి పరీక్ష ఉందని. అంతే. నా సర్వీసులో ఇంత పొట్టి కారణం చూళ్ళేదు."

రెండోసారి పరీక్షలో రాడ్డు అయిపోగానే ఆగాను. పక్కవాళ్ళు ముందుకు పోతున్నారు. పోనీ అనుకున్నాను. షీల్డ్ పైకెత్తి, గ్రైండర్ అందుకుని, ఆపిన చోటు ఇనుము మెరిసేదాకా అరగదీశాను. కాస్త వెనక నుంచి అందుకున్నాను. మళ్ళీ రాడ్డు అయిపోయింది, మళ్ళీ ఆగాను, మళ్ళీ అరగదీశాను. ప్రెస్సు దిగుతున్నప్పుడు అందరూ పట్టీ వైపు చూస్తుంటే నేను పరీక్షకుడి బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాను. చప్పుడు రాలేదు. తలెత్తితే పట్టీలన్నీ బల్ల మీద నున్నగా వంగి ఉన్నాయి. పెద్దాయన ఆ సాయంత్రమే ఉద్యోగం రాసిచ్చాడు. మర్నాడు లాయరమ్మ దరఖాస్తు లోపలికి పంపింది.

మంచు కరిగి రోడ్లన్నీ బురదగా ఉన్న రోజున తీర్పు వచ్చింది. జడ్జి మమ్మల్నిద్దరినీ ఒకే ప్రశ్న అడిగారు, ఇద్దరం ఒకే జవాబు చెప్పాం. బహుశా ఇన్నేళ్ళ కాపురంలో మేం ఒక్కమాట మీద నిలబడింది అప్పుడే. బయటికొచ్చాక మెట్ల మీద ఇద్దరం కాసేపు ఆగాం. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది.

"ఆదివారాలు నీవి" అంది. "ఈ ఆదివారం నాకు డ్యూటీ ఉంది, ఇంటికొచ్చి చిట్టిని తీసుకెళ్ళు."

ఆ ఆదివారం లోపే కార్డు కూడా వచ్చింది. ఎవరి పేరూ లేదు దాని మీద, నాది తప్ప. పేరు కింద 'వెల్డర్' అని ఉంది. కత్తెర దాన్ని సెలూన్లో కస్టమర్లందరికీ చూపించి, "తోకకి తల మొలిచింది" అని చాటింపు వేశాడు.

కార్డు జేబులో పెట్టుకుని ఆ ఇంటికి బయల్దేరాను. దారిపొడుగునా ఒకటే బెంగ. అత్తయ్యగారు ఇంకా ఉన్నారు, త్వరలో తిరుగు ప్రయాణం. ఇప్పుడావిడ నన్నెలా పలకరిస్తారు? అల్లుణ్ణి కాను కదా. పరాయివాడితో మాట్లాడటానికి ఆవిడకి ఏ అడ్డూ ఉండదు, పాలవాడితో, పోస్టువాడితో మాట్లాడినట్టు నా మొహం చూస్తూనే "రండి, కూర్చోండి" అంటారు. ఆ మర్యాద నేను తట్టుకోలేననిపించింది. మెట్లెక్కి, గుమ్మం బయటే చెప్పులు విప్పి, పరాయివాడిలా బెల్లు కొట్టాను.

తలుపు తీసింది ఆవిడే. వెనకాల బొమ్మతో చిట్టి. ఆవిడ నా మొహం చూశారు. బయట విప్పిన నా చెప్పులు చూశారు. నోరు తెరిచారు.

ఆవిడ గభాలున గోడవైపు తిరిగి, కొంగు సర్దుకున్నారు.

"చిట్టీ, మీ నాన్నని చెప్పులు లోపల తన చోట పెట్టుకోమను. అన్నం వడ్డిస్తున్నాను, చేతులు కడుక్కోమను."

నేను కదల్లేదు. చిట్టి బొమ్మ పక్కన పెట్టి, నావైపు తిరిగి చెప్పేదాకా అక్కడే నిలబడ్డాను.